కస్టమ్ రోమ్‌లు, కెర్నళ్లు: ఆండ్రాయిడ్ ఫోన్లలో బ్యాటరీ, ర్యామ్ పొదుపు

ఆండ్రాయిడ్ ఫోన్‌లో కంపెనీ వేసి పంపిన సాఫ్ట్‌వేర్‌ను తీసేసి, స్వతంత్ర డెవలపర్లు తయారు చేసిన ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకుంటే దాన్ని కస్టమ్ రోమ్ అంటారు. మొత్తం సిస్టమ్ జోలికి పోకుండా, హార్డ్‌వేర్‌ను నడిపే లినక్స్ కెర్నల్‌ను మాత్రమే మార్చుకుంటే అది కస్టమ్ కెర్నల్. బ్యాటరీ ఎక్కువసేపు రావాలని, ఉన్న ర్యామ్‌తోనే ఫోన్ చురుగ్గా నడవాలని లక్షలాది మంది ఈ రెండింటినీ ఆశ్రయించారు. పాత ఫోన్ పారేయడానికి మనసొప్పని వాళ్లు ఇప్పటికీ ఆశ్రయిస్తున్నారు.

ఏ సాఫ్ట్‌వేరూ బ్యాటరీకి ఒక్క మిల్లీ ఆంపియర్ అవర్ కూడా కలపలేదు, ర్యామ్ చిప్పు పరిమాణాన్ని పెంచలేదు. ప్రాసెసర్ ఎప్పుడు మేలుకోవాలి, ఎంత వేగంతో పని చేయాలి, ఏ యాప్ మెమరీలో ఉండాలి, ఏది పోవాలి అనే నిర్ణయాలను మాత్రం మార్చగలదు. వీటిలో అసలైన లాభం ఫోన్‌ను వేగంగా నడిపించడంలో లేదు, పని లేనప్పుడు దాన్ని సరిగ్గా నిద్రపుచ్చడంలో ఉంది. ప్రచారం మాత్రం ఎక్కువగా వేగం చుట్టూనే సాగింది.

పుట్టుక

తొలి ఆండ్రాయిడ్ ఫోన్ హెచ్‌టీసీ డ్రీమ్ 2008 అక్టోబరులో అమెరికాలో టీ-మొబైల్ జీ1 పేరుతో విడుదలైంది. ర్యామ్ 192 ఎంబీ, బ్యాటరీ 1150 ఎంఏహెచ్. నవంబరు మొదటి వారాల్లోనే దానిలో ఒక విచిత్రమైన లోపం బయటపడింది. కీబోర్డు మీద టైప్ చేసే ప్రతి అక్షరమూ తెర మీదున్న యాప్‌తో పాటు, వెనక రూట్ అధికారంతో నడుస్తున్న కమాండ్ షెల్‌కి కూడా చేరుతోంది. ఎవరికో పంపే సందేశంలో ఇంగ్లిషులో 'రీబూట్' అని కొట్టి ఎంటర్ నొక్కితే ఫోన్ నిజంగానే ఆగిపోయి మళ్లీ లేచేది. అదే దారిలో 'టెల్‌నెట్‌డీ' అని కొట్టినవాళ్లకు ఫోన్ మీద సర్వాధికారాలూ దక్కాయి. ఇలా దక్కించుకోవడాన్నే రూట్ చేయడం అంటారు. గూగుల్ వెంటనే లోపాన్ని సరిచేసింది. అప్పటికే లోపలి ఫైళ్లు చూసినవాళ్లు వాటిని మార్చి పంచుకోవడం మొదలుపెట్టారు.

అలా మార్చిన వాటిలో స్టీవ్ కాండిక్ 2009లో మొదలుపెట్టిన సయనోజెన్‌మాడ్ అన్నిటికన్నా పేరు తెచ్చుకుంది. చిన్న ర్యామ్‌ను సాగదీసే కంప్‌క్యాష్, యాప్‌లను మెమరీ కార్డుకు తరలించే ఏర్పాటు, ప్రాసెసర్ వేగాన్ని మార్చుకునే మెనూ ఇందులో ఉండేవి. వీటిలో చాలా భాగం తర్వాత గూగుల్ అసలు ఆండ్రాయిడ్‌లోకే వచ్చింది. యాప్‌లను కార్డుకు మార్చే వీలు 2010లో ఆండ్రాయిడ్ 2.2తో, కంప్‌క్యాష్ వారసుడైన జడ్‌ర్యామ్‌కు మద్దతు 2013లో ఆండ్రాయిడ్ 4.4తో వచ్చాయి. 2009 సెప్టెంబరులో గూగుల్ ఒక నోటీసు పంపి, జీమెయిల్, మ్యాప్స్, యూట్యూబ్, ఆండ్రాయిడ్ మార్కెట్ లాంటి సొంత యాప్‌లను రోమ్‌లో కలిపి పంచవద్దని చెప్పింది. అప్పటి నుంచి రోమ్ వేరు, గూగుల్ యాప్‌ల ప్యాకేజీ వేరు. ఈ విభజన బ్యాటరీ విషయంలో ఎంత పెద్ద పాఠం నేర్పిందో కింద చూడవచ్చు.

కస్టమ్ రోమ్‌ల నుంచి కంపెనీలూ పుట్టాయి. 2010 ఆగస్టులో చైనాలో షియోమి విడుదల చేసిన ఎంఐయూఐ మొదట ఇతర కంపెనీల ఫోన్లలో వేసుకునే రోమ్. ఆ కంపెనీ సొంత ఫోన్ ఏడాది తర్వాత గానీ రాలేదు. 2015 ఆగస్టులో భారతదేశంలో తయారైన తన తొలి ఫోన్ రెడ్‌మీ 2 ప్రైమ్‌ను షియోమి విశాఖపట్నంలో విడుదల చేసింది. అది తయారైంది నేటి తిరుపతి జిల్లాలోని శ్రీసిటీలో, ఫాక్స్‌కాన్ ఫ్యాక్టరీలో. సయనోజెన్‌మాడ్ కూడా 2013లో సంస్థగా మారింది. 2014లో వన్‌ప్లస్ వన్ ఫోన్ దానితోనే వచ్చింది. అయితే భారతదేశంలో తన సాఫ్ట్‌వేర్‌పై ప్రత్యేక హక్కులను ఆ సంస్థ మైక్రోమాక్స్‌కు ఇవ్వడంతో వివాదం ఢిల్లీ హైకోర్టుకెక్కింది. 2014 డిసెంబరులో కోర్టు నిషేధంతో వన్‌ప్లస్ అమ్మకాలు ఆగాయి, కొద్ది రోజులకే డివిజన్ బెంచి ఆ నిషేధాన్ని ఎత్తేసింది. 2016 డిసెంబరులో సయనోజెన్ సంస్థ సేవలు మూసేస్తున్నట్టు ప్రకటించగా, అదే నెల 24న వాలంటీర్లు ఆ కోడ్‌ను లీనేజ్ఓఎస్ పేరుతో కొనసాగించారు. ఇవాళ కస్టమ్ రోమ్ అనగానే ఎక్కువమందికి గుర్తొచ్చేది ఇదే.

నిద్ర, వేక్‌లాక్‌లు

తెర ఆర్పి జేబులో వేసుకున్నంత మాత్రాన ఫోన్ నిద్రపోయినట్టు కాదు. ప్రాసెసర్ పూర్తిగా ఆగి, ర్యామ్‌లోని సమాచారం చెదిరిపోకుండా నిలబెట్టేంత కరెంటు మాత్రమే నడిచే స్థితిని డీప్ స్లీప్ అంటారు. ఆ స్థితికి వెళ్లనివ్వకుండా ఏ యాప్ అయినా, ఏ డ్రైవర్ అయినా పట్టుకునే పట్టు పేరు వేక్‌లాక్. ఇంట్లో అందరూ పడుకున్నా ఒక్కరు చదువుకుంటుంటే ఆ గదిలో దీపం ఆర్పలేం కదా, ఇదీ అంతే: ఒక్క వేక్‌లాక్ మిగిలి ఉన్నా ఫోన్ మొత్తం మేలుకునే ఉంటుంది.

దీని ఖరీదు ఎంతో లెక్క వేసి చూడవచ్చు. 4000 ఎంఏహెచ్ బ్యాటరీ ఉన్న ఫోన్‌ను రాత్రి 10 గంటలకు పక్కన పెట్టి, ఉదయం 6 గంటలకు చూస్తే 8 శాతం తగ్గిందనుకుందాం. అంటే 320 ఎంఏహెచ్. ఎనిమిది గంటలకు పంచితే సగటున 40 మిల్లీ ఆంపియర్లు. అదే ఫోన్ రాత్రంతా సక్రమంగా నిద్రపోయి సగటు 10 మిల్లీ ఆంపియర్లకు దిగితే తగ్గేది 2 శాతమే. రోజులో తెర వెలిగి ఉండే సమయం నాలుగైదు గంటలైతే మిగతా పంతొమ్మిది ఇరవై గంటలూ ఈ లెక్క నడుస్తూనే ఉంటుంది. బ్యాటరీ పొదుపు కోసం చేసే ఏ మార్పైనా ముందు ఇక్కడ ఫలితం చూపించాలి.

రూట్ చేసిన ఫోన్లలో బెటర్ బ్యాటరీ స్టాట్స్ లాంటి సాధనంతో రాత్రంతా ఎవరెవరు ఎంతసేపు మేలుకున్నారో జాబితాగా చూడవచ్చు. అందులో యాప్‌ల వేక్‌లాక్‌లు ఒక పట్టీ, కెర్నల్ వేక్‌లాక్‌లు మరో పట్టీ. పదేళ్ల కిందటి చాలా ఫోన్లలో రెండో పట్టీలో తరచూ పైన కనిపించిన పేరు 'డబ్ల్యూలాన్ ఆర్ఎక్స్'. ఆఫీసులో, హాస్టల్లో వందమంది ఒకే వైఫై మీద ఉంటే, ఒకరి ల్యాప్‌టాప్ అందరినీ ఉద్దేశించి వేసే ప్రతి చిన్న ప్రకటన ప్యాకెట్టూ మీ ఫోన్‌ను తట్టి లేపుతుంది. ఫోన్ లేచి, తనకు సంబంధం లేదని తెలుసుకుని, మళ్లీ పడుకోబోయేలోగా ఇంకొకటి వస్తుంది. ఫ్రాంకో, ఎలిమెంటల్ఎక్స్, బోఫ్లా వంటి కస్టమ్ కెర్నళ్లు ఇలాంటి వేక్‌లాక్‌ల వ్యవధిని తగ్గించే, కొన్నిటిని పూర్తిగా అడ్డుకునే ఏర్పాట్లు తెచ్చాయి. ఇంట్లో రౌటర్ దగ్గర తేడా కనిపించకపోయినా, కిక్కిరిసిన వైఫైలో తేడా స్పష్టంగా తెలిసేది. ఏ వేక్‌లాక్‌ను పడితే దాన్ని ఆపితే మాత్రం అలారం మోగదు, సందేశం ఆలస్యంగా వస్తుంది, ఒక్కోసారి కాల్ కూడా రాదు.

యాప్‌ల వైపు పట్టీకి మొదటి మంచి మందు గ్రీనిఫై. వాడని యాప్‌లను గుర్తించి, మళ్లీ తెరిచేదాకా వాటిని లేవనివ్వకుండా చేసేది. గూగుల్ 2014లో ఆండ్రాయిడ్ 5.0తో పనులను ఒకచోట పోగుచేసి ఒకేసారి చేయించే జాబ్ షెడ్యూలర్‌ను, 2015లో ఆండ్రాయిడ్ 6.0తో డోజ్‌ను తెచ్చింది. కదలకుండా, ఛార్జింగ్‌లో లేకుండా, తెర ఆరిపోయి ఉన్న ఫోన్‌లో డోజ్ యాప్‌ల వేక్‌లాక్‌లను లెక్కచేయదు, నెట్‌వర్క్‌ను కోసేస్తుంది, అప్పుడప్పుడు మాత్రమే కొద్ది నిమిషాల వీలిస్తుంది. మరుసటి ఏడాది జేబులో కదులుతున్న ఫోన్‌కూ తేలికపాటి డోజ్ వచ్చింది. 2018లో ఆండ్రాయిడ్ 9 యాప్‌లను వాడకాన్ని బట్టి బకెట్లుగా విడదీసింది. దీంతో గ్రీనిఫై అవసరం చాలావరకు తీరిపోయింది. ఆండ్రాయిడ్ 9 ఆపైన ఉన్న ఫోన్‌లో బ్యాటరీ సేవర్ యాప్‌లు అదనంగా వేసుకోవడం వల్ల కలిగే మేలు దాదాపు శూన్యం.

కొన్ని కంపెనీలు దీనికి రెండో కొసకు వెళ్లాయి. ప్రకటనలో బ్యాటరీ అంకె పెద్దదిగా కనిపించాలని, వెనక నడిచే ప్రతి యాప్‌నూ నిర్దాక్షిణ్యంగా చంపేసే పద్ధతిని సాఫ్ట్‌వేర్‌లోనే పెట్టాయి. మందు వేసుకునే వేళ గుర్తుచేసే యాప్ కూడా దీనికి బలైపోతుంది. అటువంటి ఫోన్లలో లీనేజ్ఓఎస్ వంటి శుభ్రమైన రోమ్ వేసుకోవడానికి బ్యాటరీ పొదుపు కన్నా సరైన కారణం ఇది: ఏ యాప్ బతకాలో నిర్ణయించే హక్కు ఫోన్ యజమాని చేతికి వస్తుంది.

గవర్నర్లు, వోల్టేజి

ప్రాసెసర్ పని చేసేటప్పుడు ఖర్చయ్యే విద్యుత్తు దాని వేగానికి అనులోమంగా, వోల్టేజి వర్గానికి అనులోమంగా పెరుగుతుంది. వేగం పెంచాలంటే వోల్టేజినీ పెంచక తప్పదు కాబట్టి, చివరి కొద్దిపాటి వేగం చాలా ఖరీదైనది. అదే వేగం వద్ద వోల్టేజిని 1.0 నుంచి 0.9కి దించగలిగితే ఆ ఖర్చు 19 శాతం తగ్గుతుంది. అండర్‌వోల్టింగ్ అనే పద్ధతికి మూలం ఈ లెక్కే. ప్రతి చిప్పూ కొద్ది తేడాతో తయారవుతుంది కనుక కంపెనీ అన్నిటికీ సరిపడేలా కాస్త ఎక్కువ వోల్టేజి పెడుతుంది. తన చిప్పు ఎంత తక్కువకు తట్టుకుంటుందో వాడుకరి మెట్టు మెట్టుగా దించి చూసుకునేవాడు. మరీ దించితే ఫోన్ హఠాత్తుగా ఆగిపోతుంది. కొత్త చిప్పుల్లో చాలావరకు తమ వోల్టేజిని తామే సర్దుకుంటున్నందున ఈ దారిలో మిగిలిన లాభం ఇప్పుడు తక్కువ.

ఏ క్షణంలో ఏ వేగం ఉండాలో తేల్చే కెర్నల్ భాగం గవర్నర్. వెంకటేశ్ పల్లిపాడి తదితరులు రాసిన ఆన్‌డిమాండ్ గవర్నర్ 2004లో లినక్స్ 2.6.9తో వచ్చింది. నిర్ణీత వ్యవధికొకసారి ప్రాసెసర్ ఎంత తీరిక లేకుండా ఉందో చూసి, పని పెరిగితే వేగాన్ని ఒక్కసారిగా పైకి తీసుకెళ్తుంది. తెర మీద వేలు కదిలిన వెంటనే స్పందన కావాలి కాబట్టి ఆండ్రాయిడ్ కోసం ఇంటరాక్టివ్ గవర్నర్ వచ్చింది. కస్టమ్ కెర్నళ్లలో వీటికి డజన్ల కొద్దీ పిల్లలు పుట్టాయి. లయన్‌హార్ట్, లల్జ్‌యాక్టివ్ లాంటి పేర్లతో ఒక్కో కెర్నల్‌లో పదిహేనేసి గవర్నర్లు. వాటి మధ్య తేడా ఎక్కువగా రెండు మూడు అంకెలదే. వాడేవాళ్లు చెప్పుకున్న తేడాల్లో చాలా భాగం కొత్తది వేసుకున్న ఉత్సాహమే.

అసలు మార్పు వేరే చోటి నుంచి వచ్చింది. ఆర్మ్ సంస్థ 2011లో ప్రకటించిన బిగ్.లిటిల్ పద్ధతిలో ఒకే చిప్పులో బలమైన కోర్లు, పొదుపైన కోర్లు కలిసి ఉంటాయి. ఏ పని ఏ కోర్‌కి ఇవ్వాలన్నది వేగం కన్నా ముఖ్యమైంది. ఒక్కో కోర్ ఒక్కో వేగంలో ఎంత విద్యుత్తు తాగుతుందో పట్టికగా తెలిసి ఉండి, దాన్ని చూసి పని పంచే పద్ధతికి ఎనర్జీ అవేర్ షెడ్యూలింగ్ అని పేరు. ఇది 2016 నాటి తొలి పిక్సెల్ ఫోన్‌లోనే ఉంది, ప్రధాన లినక్స్‌లోకి 2019లో 5.0తో చేరింది. దీనికి జోడీ అయిన షెడ్‌యుటిల్ గవర్నర్ 2016లో లినక్స్ 4.7తో వచ్చింది. కంపెనీలు పాత ఇంటరాక్టివ్‌తోనే వదిలేసిన మధ్యస్థాయి ఫోన్లకు ఈ పద్ధతిని వెనక్కి తెచ్చి అమర్చడం స్వతంత్ర కెర్నల్ డెవలపర్లు చేసిన మంచి పనుల్లో ఒకటి. 2017 జనవరిలో భారత మార్కెట్లోకి వచ్చి విపరీతంగా అమ్ముడైన రెడ్‌మీ నోట్ 4కు ఇలాంటి కెర్నళ్లు ఎన్నో వచ్చాయి.

ఎప్పుడూ తక్కువ వేగంలోనే ఉంచితే బ్యాటరీ మిగులుతుందనుకోవడం పొరపాటు. పని తొందరగా ముగించి నిద్రలోకి జారుకున్న ప్రాసెసర్, నెమ్మదిగా చాలాసేపు మేలుకున్న ప్రాసెసర్ కన్నా తక్కువ ఖర్చు చేసే సందర్భాలు చాలా ఉన్నాయి. మేలుకున్నంతసేపూ ర్యామ్, చిప్పులోని డేటా దారులు (బస్సులు), తెర వంటివన్నీ తమ వంతు తాగుతూనే ఉంటాయి.

ర్యామ్: ఎవరు ఉండాలి, ఎవరు పోవాలి

సెట్టింగుల్లో ర్యామ్ 80 శాతం నిండిందని చూసి కంగారు పడేవాళ్లు ఎందరో. ఖాళీగా ఉన్న ర్యామ్‌ వల్ల ఏ లాభమూ లేదు. నిండినా, ఖాళీగా ఉన్నా అది తీసుకునే కరెంటు దాదాపు ఒకటే. ఆండ్రాయిడ్ కావాలనే వాడిన యాప్‌లను మెమరీలో ఉంచుతుంది, మళ్లీ తెరిచినప్పుడు మొదటి నుంచి లోడ్ చేయాల్సిన పని తప్పుతుందని. అన్నీ మూసేసే టాస్క్ కిల్లర్ యాప్ వాడితే ప్రతిసారీ ఆ పని మళ్లీ చేయాలి. దానికి ప్రాసెసర్, స్టోరేజి, బ్యాటరీ అన్నీ ఖర్చే. 2010 ప్రాంతంలో టాస్క్ కిల్లర్లకు వచ్చిన ఆదరణ ఆండ్రాయిడ్ వాడుకరులకు జరిగిన పెద్ద నష్టాల్లో ఒకటి.

మెమరీ నిజంగా చాలనప్పుడు ఎవరిని తీసేయాలో చెప్పేందుకు ఆండ్రాయిడ్ ప్రతి ప్రాసెస్‌కూ ఒక అంకె ఇస్తుంది. కళ్ల ముందున్న యాప్‌కు 0, పాక్షికంగా కనిపిస్తున్నదానికి 100, పాటలు వినిపిస్తున్నటువంటి దానికి 200, హోమ్ స్క్రీన్‌కు 600, ఇప్పుడే వదిలి వచ్చిన యాప్‌కు 700, ఊరకే నిల్వ ఉన్నవాటికి 900 నుంచి 999 వరకు. అంకె పెద్దదైన కొద్దీ ముందు పోతుంది. పాత ఫోన్లలో ఈ పని కెర్నల్‌లోని లో మెమరీ కిల్లర్ చేసేది. ఖాళీ మెమరీ ఫలానా పరిమితి కన్నా తగ్గితే ఫలానా అంకె పైవాళ్లను తీసేయమని ఆరు గీతలు ఉండేవి. కస్టమ్ రోమ్‌ల వాళ్లు సరిదిద్దింది ఈ ఆరు గీతలనే. 256 ఎంబీ, 512 ఎంబీ ఫోన్ల కాలంలో బ్రౌజర్ మూసి హోమ్ నొక్కితే ఐకాన్లన్నీ ఒక్కొక్కటిగా మళ్లీ గీసుకుంటూ వచ్చేవి, హోమ్ స్క్రీనే హతమైపోయేది గనుక. సయనోజెన్‌మాడ్ హోమ్‌ను మెమరీలో బిగించి ఉంచే ఒక టిక్కు పెట్టింది. అంత చిన్న టిక్కుతో ఫోన్ కొత్తదైనట్టు అనిపించేది.

గీతల పద్ధతిలో ఒక లోపముంది. ఎంత ఖాళీ ఉందో చెబుతుంది గానీ, ఖాళీ లేక పనులు ఎంతసేపు ఆగిపోతున్నాయో చెప్పదు. 2018 డిసెంబరులో లినక్స్ 4.20తో వచ్చిన ప్రెషర్ స్టాల్ ఇన్ఫర్మేషన్ ఆ రెండోదాన్ని కొలుస్తుంది. కెర్నల్‌లోని పాత కిల్లర్‌ను 2017లోనే తొలగించారు. కొత్త ఆండ్రాయిడ్‌లో కెర్నల్ వెలుపల నడిచే ఎల్ఎంకేడీ ఈ కొలత చూసి నిర్ణయం తీసుకుంటుంది. పాత గీతలను మార్చే స్క్రిప్టులు ఇప్పటికీ చలామణీలో ఉన్నాయి. కొత్త ఫోన్‌లో అవి దేన్నీ మార్చవు.

నేటికీ పనికొచ్చే పాత పనిముట్టు జడ్‌ర్యామ్. నితిన్ గుప్తా కంప్‌క్యాష్‌గా మొదలుపెట్టిన ఈ పద్ధతి 2014లో లినక్స్ 3.14 నాటికి ప్రయోగదశ దాటి కెర్నల్‌లో స్థిరపడింది. చాలాసేపుగా ఎవరూ తాకని 4 కేబీ మెమరీ ముక్కను, అంటే పేజీని కుదించి, ర్యామ్‌లోనే ప్రత్యేకంగా కేటాయించిన చోట దాస్తుంది. మామూలుగా రెండు మూడు రెట్లు కుదింపు దొరుకుతుంది. 3 జీబీ ఫోన్‌లో 1.5 జీబీ సమాచారం ఇలా లోపలికి పోతే, అది ఆక్రమించేది 500 నుంచి 750 ఎంబీ. మిగిలింది ఖాళీ. యాప్‌ను చంపి మళ్లీ మొదలుపెట్టడం కన్నా పేజీని విప్పి తీయడం ఎన్నో రెట్లు చవక.

ఇక్కడ కస్టమ్ కెర్నల్ చేయగలిగింది నిజంగానే ఉంది. కుదించే అల్గారిథమ్ ఎంపిక మొదటిది: ఎల్‌జడ్4 వేగంగా విప్పుతుంది, జడ్‌స్టాండర్డ్ ఎక్కువగా కుదిస్తుంది కానీ ప్రాసెసర్‌ను ఎక్కువ వాడుతుంది. ర్యామ్ మరీ తక్కువైతే రెండోది, ప్రాసెసర్ నీరసమైతే మొదటిది. తర్వాతది స్వాపినెస్, అంటే వాడని పేజీలను స్వాప్ అనే పక్క నిల్వలోకి ఎంత చురుగ్గా పంపాలో చెప్పే అంకె. డెస్క్‌టాప్‌లలో స్వాప్ డిస్క్ మీద ఉంటుంది కనుక దీని మామూలు విలువ 60. జడ్‌ర్యామ్ ఉన్న ఫోన్‌కు 100 లేదా అంతకన్నా ఎక్కువ సరిపోతుంది. లినక్స్ 5.8 నుంచి 200 దాకా పెట్టవచ్చు. మరొకటి చాలామంది పట్టించుకోనిది. డిస్క్ నుంచి చదివే అలవాటు ప్రకారం కెర్నల్ ఒక పేజీ అడిగితే ముందుచూపుగా ఎనిమిది తెస్తుంది. జడ్‌ర్యామ్‌లో పక్క పేజీ తేవడానికి ప్రత్యేక లాభమేమీ లేదు, అడగని ఏడు పేజీలను విప్పే శ్రమ దండగ. ఆ విలువను సున్నా చేస్తే అడిగిన ఒక్కటే వస్తుంది. పాత ఫోన్‌లో యాప్‌ల మధ్య మారేటప్పుడు వచ్చే చిన్న తడబాటు దీంతో తగ్గుతుంది.

ఏ పేజీ నిజంగా పాతబడిందో గుర్తించడంలోనూ మెరుగుదల వచ్చింది. గూగుల్ ఇంజనీరు యూ ఝావో రాసిన మల్టీ జనరేషనల్ ఎల్ఆర్‌యూ 2022 డిసెంబరులో లినక్స్ 6.1లో చేరింది. పేజీలను రెండు గుంపులుగా కాక తరాలుగా విడదీయడం వల్ల తప్పు పేజీని బయటికి పంపడం తగ్గుతుంది. ఇది కూడా కొందరు డెవలపర్ల పుణ్యమా అని 4.19 లాంటి పాత కెర్నళ్లలోకి, అంటే కంపెనీ ఎప్పుడో వదిలేసిన ఫోన్లలోకి చేరింది.

ఇక కంపెనీలు 'అదనపు 8 జీబీ ర్యామ్' అని అమ్మే వర్చువల్ ర్యామ్ స్టోరేజిలో కోసుకున్న ముక్క. ర్యామ్‌తో పోలిస్తే చాలా నిదానం, పైగా రాసిన కొద్దీ ఫ్లాష్ చిప్పు అరుగుతుంది. చవక ఫోన్లలోని ఈఎంఎంసీ స్టోరేజి మీద దీన్ని ఆపేయడమే మేలు.

గూగుల్ సేవలు లేకుండా

2009 నోటీసు వల్ల రోమ్ గూగుల్ యాప్‌లు లేకుండా వచ్చేది. వాటిని వేసుకోకుండా కొన్నాళ్లు వాడినవాళ్లకు బ్యాటరీ అనూహ్యంగా ఎక్కువ రావడం కనిపించింది. ఆ యాప్‌లతో పాటు వచ్చే గూగుల్ ప్లే సర్వీసెస్ లొకేషన్, సింక్, అప్‌డేట్ల వంటి పనుల కోసం తరచూ లేస్తుంది. దాని స్థానంలో కావాల్సినంత మేరకే పనిచేసే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మైక్రోజీ కూడా ఉంది.

ఈ లాభానికి మరో ముఖం ఉంది. ప్లే సర్వీసెస్ చేసే పనుల్లో ఒకటి, అన్ని యాప్‌ల నోటిఫికేషన్లనూ ఒకే కనెక్షన్ మీద తేవడం. అది లేకపోతే ఒక్కో మెసేజింగ్ యాప్ తన సొంత కనెక్షన్‌ను తెరిచి, తెగిపోకుండా మాటిమాటికీ పలకరిస్తూ ఉంటుంది. అలాంటివి మూడు నాలుగు ఉంటే మిగిల్చింది కాస్తా పోతుంది. కాల్స్, ఎస్ఎంఎస్, బ్రౌజరు, పాటలతో సరిపెట్టుకునేవాళ్లకు గూగుల్ లేని రోమ్ గొప్పగా ఉంటుంది. రోజంతా చాటింగ్ చేసేవాళ్లకు మైక్రోజీ గానీ చిన్న గూగుల్ ప్యాకేజీ గానీ మెరుగు.

సిగ్నల్ విషయంలో ఏ రోమూ పెద్దగా ఆదుకోలేదు. మోడెమ్‌ను నడిపే సాఫ్ట్‌వేర్ మూసిపెట్టిన ముద్దగానే చిప్పు కంపెనీ నుంచి వస్తుంది. మన్యం కొండల్లో సిగ్నల్ అందని ఊళ్లో ఫోన్ టవర్ కోసం వెతుకుతూ ఎక్కువ బలంతో ప్రసారం చేస్తుంది. అక్కడ ఫ్లయిట్ మోడ్ చేసే మేలు ఏ కస్టమ్ కెర్నలూ చేయలేదు.

తెర ఖర్చులోనూ సాఫ్ట్‌వేర్ పాత్ర పరిమితం. నల్ల థీమ్ ఎల్‌సీడీ తెర మీద ఏమీ మిగల్చదు. ఓలెడ్ తెరల మీద 2021లో పర్‌డ్యూ విశ్వవిద్యాలయం కొలిచి చూసింది. వెలుగు 30 నుంచి 50 శాతం మధ్య ఉన్నప్పుడు మిగిలేది సగటున 3 నుంచి 9 శాతం, నిండు వెలుగులో అయితే 39 నుంచి 47 శాతం. ఎండలో పనిచేసేవాళ్లకు ఇది గణనీయమైన పొదుపు.

బ్యాటరీ ఆయుష్షు

ఒక రోజు ఛార్జింగ్ ఎంతసేపు వస్తుందన్నది వేరు, బ్యాటరీ ఎన్నేళ్లు మన్నుతుందన్నది వేరు. లిథియం అయాన్ సెల్‌ను రెండు విషయాలు త్వరగా ముసలిదాన్ని చేస్తాయి: వేడి, ఎక్కువసేపు నిండు వోల్టేజి మీద ఉండటం. రాత్రంతా ఛార్జర్‌కు తగిలించి, ఉదయం దాకా వంద శాతం మీద నిలబెట్టడం, అదీ మన వేసవిలో, ఈ రెండూ కలిపి చేయడమే. రూట్ చేసిన ఫోన్లలో ఏసీసీ అనే మాడ్యూల్‌తో 75 లేదా 80 శాతం దగ్గర ఛార్జింగ్ ఆగిపోయేలా, వేడెక్కితే తాత్కాలికంగా ఆపేలా పెట్టుకోవచ్చు. ఇటీవలి లీనేజ్ఓఎస్‌లో ఛార్జింగ్ నియంత్రణ చాలా ఫోన్లకు సెట్టింగులలోనే ఉంది. కొత్త ఫోన్లలో చాలా కంపెనీలు ఈ సౌకర్యాన్ని ఇప్పుడు తామే ఇస్తున్నాయి. పాత ఫోన్ల వాళ్లకు మాత్రం కస్టమ్ సాఫ్ట్‌వేరే దారి. అన్ని మార్పుల్లోకీ నిస్సందేహంగా మేలు చేసేది ఇదే.

రోమ్ మార్చాక బ్యాటరీ స్టాట్స్ ఫైలును తుడిచేస్తే బ్యాటరీ ఎక్కువ వస్తుందన్న నమ్మకం ఏళ్ల తరబడి సాగింది. ఆ ఫైలు ఏ యాప్ ఎంత వాడిందో చూపే పట్టీ కోసమేనని, ఛార్జ్ శాతంతో గానీ బ్యాటరీ నిడివితో గానీ దానికి సంబంధం లేదని ఆండ్రాయిడ్ ఇంజనీరు డయాన్ హాక్‌బార్న్ 2012లో స్పష్టం చేశారు.

నష్టాలు

రోమ్ వేయాలంటే ముందు ఫోన్‌ను లేపే బూట్‌లోడర్ తాళం తీయాలి, అది తీయగానే ఫోన్‌లోని సమాచారమంతా చెరిగిపోతుంది. కొన్ని కంపెనీలు వారంటీ నిరాకరిస్తాయి. శామ్‌సంగ్ ఫోన్లలో నాక్స్ ఫ్యూజు ఒకసారి కాలితే తిరిగి రాదు, దానిమీద ఆధారపడ్డ భద్రతా సేవలు శాశ్వతంగా పోతాయి. షియోమి 2018లో రెడ్‌మీ నోట్ 5 ప్రో వంటి ఫోన్లలో వెనక్కి వెళ్లనివ్వని రక్షణ పెట్టింది. దాని సంగతి తెలియక పాత వెర్షన్ ఫ్లాష్ చేసినవాళ్ల (ఫోన్‌లోకి ఎక్కించినవాళ్ల) ఫోన్లు ఇటుకల్లా మిగిలాయి. ఐఎంఈఐ వివరాలుండే విభాగం చెడితే సిమ్ పనిచేయదు. అందుకే దాని బ్యాకప్ తీయకుండా దేన్నీ ఫ్లాష్ చేయకూడదు.

మన దేశంలో అన్నిటికన్నా పెద్ద ఇబ్బంది యూపీఐ, బ్యాంకు యాప్‌లు. ఫోన్ కంపెనీ ముద్ర చెక్కుచెదరలేదా అని గూగుల్ ప్లే ఇంటెగ్రిటీ ద్వారా తనిఖీ చేసి, లేదంటే తెరుచుకోవడానికి నిరాకరిస్తాయి. ఆ తనిఖీని మభ్యపెట్టే మాడ్యూళ్లు వస్తూనే ఉంటాయి, గూగుల్ వాటిని మూస్తూనే ఉంటుంది. డబ్బు వ్యవహారం జరిగే ఏకైక ఫోన్‌లో ఈ దాగుడుమూతలు ఆడకపోవడమే క్షేమం. రూట్ ఉన్న ఫోన్‌లో పొరపాటున అనుమతి పొందిన ఒక్క దుష్ట యాప్ బ్యాంకు ఓటీపీ దాకా చదవగలదు.

రోమ్ వేసుకోవాలనుకున్నవాళ్లు ముందు తమ ఫోన్ మోడల్‌కు లీనేజ్ఓఎస్ అధికారిక మద్దతు ఉందో లేదో చూసుకోవాలి. అధికారికం కానివాటిలో ఎవరు ఏం కలిపారో తెలియదు. రూట్ అవసరం లేకపోతే చేయకండి. వేక్‌లాక్‌ల పట్టీ చూడకుండా ఏ సెట్టింగూ మార్చకండి, ఒకేసారి రెండు మార్చకండి, మార్చాక కనీసం రెండు రాత్రులు కొలవండి. మూడు నాలుగేళ్లు దాటిన ఫోన్ 30 శాతం దగ్గర హఠాత్తుగా ఆరిపోతుంటే రోమ్ వెతకడం ఆపి, ముందు నమ్మకమైన సర్వీస్ సెంటర్‌లో బ్యాటరీ మార్పించండి. అరిగిపోయిన సెల్‌కు సాఫ్ట్‌వేర్‌లో మందు లేదు.